ఎట్నా పేరు చెప్పి వసూలు చేసిన సొమ్ము తిరిగి చెల్లించాలని ఫిర్యాదు

మేనేజర్ గారికి,
వినియోగదారుల సేవా విభాగం

విషయం: 2024 ఆగస్టు చివరి వారంలో మీ సంస్థ నడిపిన సిసిలీ విందు, వైన్ లగ్జరీ యాత్రలో హామీ ఇచ్చిన కార్యక్రమాలు జరపకపోవడం, అందుకు తీసుకున్న సొమ్ము వాపసు గురించి.

నమస్కారం.

మీ సంస్థ ద్వారా నేను, నా భార్య ఇటలీలోని సిసిలీ ద్వీపానికి వెళ్లివచ్చాం. యాత్ర ఖర్చు కాకుండా ‘ప్రత్యేక అనుభవాలు’ అనే పేరుతో మా ఇద్దరి దగ్గర అదనంగా 1,60,000 రూపాయలు తీసుకున్నారు. ఆ సొమ్ముకు మీ బ్రోచర్‌లో రాసిచ్చినవి ఇవి: ఎట్నా అగ్నిపర్వతం వాలులో ద్రాక్ష కోతలో పాల్గొనడం, తోట యజమానితో కూర్చుని ఎట్నా వైన్ రుచి చూడటం, బ్రోంటే ఊరిలో పిస్తా కోత చూడటం. ఒక్కటీ జరగలేదు. వాన పడి ఆగిపోయి ఉంటే, అగ్నిపర్వతం బూడిద చిమ్మి దారులు మూసి ఉంటే ఈ ఉత్తరం రాసేవాడిని కాదు. మీరు అమ్మిన తేదీల్లో ఆ రెండు కోతలు జరిగే అవకాశమే లేదు. నా ప్రధాన అభియోగం ఇదే.

ఎట్నా ఎర్ర వైన్‌కు ముఖ్యమైన ద్రాక్ష నెరెల్లో మస్కలేసే. అసలే ఆలస్యంగా పండే రకం. పైగా తోటలు కొండ మీద, కొన్ని 1,000 మీటర్ల ఎత్తు దాకా ఉంటాయి. రాత్రిళ్లు చలి, అందువల్ల పండటం ఇంకా నెమ్మదిస్తుంది. అక్కడ ఈ ద్రాక్షను సాధారణంగా అక్టోబరులో కోస్తారు. మేము వెళ్లినప్పుడు రాన్‌దాత్సో అనే ఊరికి వెళ్లే దారిలో గైడు బస్సు ఆపించి, నల్లటి లావా రాళ్ల గోడ పక్కన ఒక తోట చూపించింది. గుత్తిలో సగం పళ్లు పచ్చగా, సగం అప్పుడే రంగు తిరుగుతూ ఉన్నాయి. ఒకటి నోట్లో వేసుకుంటే నా దంతాలు పులిశాయి. ఆ తోటలో కత్తెర పట్టుకున్న మనిషి ఒక్కరూ లేరు. మీ బ్రోచర్ ముఖచిత్రంలో మాత్రం బుట్టల నిండా నల్లద్రాక్ష, నవ్వుతున్న కూలీలు.

ఇక బ్రోంటే. అక్కడి రైతులు పిస్తాను ఏడాది విడిచి ఏడాది కోస్తారు. కోత బేసి సంవత్సరాల్లోనే ఉంటుంది. మధ్య ఏడాదిలో చెట్టుకు విశ్రాంతినివ్వడానికి మొగ్గలు తుంచేస్తారు. 2024లో కోత లేదని ఆ ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. యాత్ర రూపొందించిన మీ నిపుణులు ఒక్క ఫోను చేసి ఉంటే తెలిసేది. తోటకు బదులు మమ్మల్ని తీసుకెళ్లింది రోడ్డు పక్క దుకాణానికి. అక్కడ అమ్మిన పిస్తా క్రీమ్ సీసా మీద మొదట చక్కెర, తర్వాత పొద్దుతిరుగుడు నూనె, ఆ తర్వాత 15 శాతం పిస్తా అని ఉంది. బ్రోంటే పేరు ఎక్కడా లేదు.

వైన్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా యాత్రకు అదే ప్రాణం. ఎట్నా వైన్‌కు 1968 నుంచి ఇటలీ ప్రభుత్వ డీఓసీ గుర్తింపు, అంటే ప్రాంతం పేరుకు ఇచ్చే రక్షణ, ఉంది. ఏ ప్రాంతపు తోటల్లో, ఏ రకాల ద్రాక్షతో చేయాలో నియమాలున్నాయి. వాటిని పాటించిన సీసా మీదే ఆ పేరు ఉంటుంది. మమ్మల్ని కూర్చోబెట్టింది కతానియా నగర శివార్లలో, బస్సులు వరసగా వచ్చి ఆగే ఒక పెద్ద హాలులో. తోట లేదు, యజమాని లేడు. వేసవి వేడికి కాగిన వైన్‌ను చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో పోశారు. నెరెల్లో మస్కలేసే వైన్ పలచని రంగుది, గ్లాసు వెనక వేలు పెడితే కనిపిస్తుంది. మాకు పోసింది నేరేడు రసంలా చిక్కగా ఉంది. సీసాకు చుట్టిన గుడ్డను నా భార్య పక్కకు జరిపి చూస్తే లేబుల్ మీద ‘తెర్రె సిచిలియానె’ అని ఉంది. సిసిలీలో ఎక్కడ పండిన ద్రాక్షతోనైనా చేసే వైన్‌కు వాడే విశాలమైన గుర్తింపు అది. అందులోనూ మంచి వైన్లు ఉంటాయి, వాటిని నేను తక్కువ చేయడం లేదు. కానీ మీరు డబ్బు తీసుకున్నది ఎట్నా పేరు మీద. లేబుల్ ఫొటో జతచేశాను.

నా భార్య శాకాహారి. ఈ విషయం బుకింగ్ పత్రంలో స్పష్టంగా రాశాం. అయినా పూటపూటా ఆమెకు వచ్చింది చప్పిడి పాస్తా, టమాటా సాసు, పాలకూర ఆకులు. ఫోనులో అడిగితే, ‘సిసిలీలో శాకాహారులకు ఇంతకంటే దొరకదు’ అని మీ ప్రతినిధి జవాబిచ్చారు. ఈ మాట నాకు ఎంతో బాధ కలిగించింది. వంకాయను ఇంత ప్రేమగా వండుకునే ద్వీపం గురించి అలా ఎలా అనగలరు? వంకాయ ముక్కలు వేయించి, సెలరీ, ఆలివ్‌లు, కేపర్లు (ఊరబెట్టిన పూమొగ్గలు), వెనిగర్, కొంచెం చక్కెరతో పుల్లపుల్లగా తియ్యతియ్యగా చేసే కపొనాతా అక్కడిదే. వంకాయతో చేసే పాస్తా అల్లా నోర్మా కతానియా వంటకం. సిసిలీ రాజధాని పలెర్మోలో గైడు తన విరామ సమయంలో మమ్మల్ని బల్లరో బజారుకు తీసుకెళ్లి పనెల్లె తినిపించింది. శనగపిండిని నీళ్లలో ఉడికించి, పలచగా పరిచి, ఆరాక ముక్కలు కోసి నూనెలో వేయిస్తారు. నువ్వులు చల్లిన బన్నులో పెట్టి నిమ్మకాయ పిండుతారు. శనగపిండి వాసన తగలగానే నా భార్య ముఖం వికసించింది. ఆ యాత్ర మొత్తంలో ఆమె కడుపునిండా తిన్న భోజనం అదే. మీ లగ్జరీ ప్యాకేజీలో అది లేదు.

ఆ గైడు మీద దయచేసి ఎలాంటి చర్యా తీసుకోవద్దు. ఆమె మాతో అబద్ధం చెప్పలేదు. తనకు ఇచ్చిన కాగితంలో తోట పేరే లేదని చూపించింది. లోపం యాత్రను రూపొందించిన చోట ఉంది.

మా మొదటి ఈమెయిలుకు జవాబుగా తర్వాతి యాత్రపై 10 శాతం తగ్గింపు కూపన్ పంపారు. దాన్ని మేము అంగీకరించడం లేదు. మేము కోరుతున్నది జరగని కార్యక్రమాలకు తీసుకున్న 1,60,000 రూపాయలు పూర్తిగా తిరిగి ఇవ్వడం. దాంతోపాటు మీ బ్రోచర్‌లోంచి ఆగస్టు ద్రాక్ష కోతను, సరి సంవత్సరాల పిస్తా కోతను వెంటనే తొలగించండి. వచ్చే ఏడాది ఇదే యాత్రకు మరో కుటుంబం ఏళ్ల తరబడి దాచుకున్న డబ్బు కడుతుంది. అక్టోబరుకు మార్చి, ఒక చిన్న తోటతో ముందుగా మాట్లాడుకుంటే మీరు రాసిన ద్రాక్ష కోతను, ఎట్నా వైన్‌ను నిజంగానే చూపించవచ్చు. ఆ ద్వీపంలో వాటికి లోటు లేదు.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో వాపసు రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద సేవా లోపం, అనుచిత వాణిజ్య విధానం అనే కారణాలతో హైదరాబాద్‌లోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేస్తాం. ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేసే వీలు ఆ చట్టం కల్పించింది.

జతపరిచినవి: చెల్లింపు రశీదులు, బ్రోచర్ ప్రతి, బుకింగ్ పత్రం, వైన్ లేబుల్, పిస్తా క్రీమ్ సీసా ఫొటోలు, మీ కార్యాలయంతో జరిగిన ఈమెయిళ్ల నకళ్లు.

ఇట్లు,
(సంతకం)
హైదరాబాద్