ఇంటి పార్లర్లలో గదిని కొలవడం కాదు, ట్రేను చూడండి: పురపాలక మంత్రికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు.

ఉత్తర తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రంలో, మా ఇంటి ముందుగదిలో 11 ఏళ్లుగా బ్యూటీ పార్లర్ నడుపుకుంటున్నాను. గేటుకు చిన్న బోర్డు, ఒక కుర్చీ, ఒక అద్దం, వ్యాక్స్ హీటర్, అంతే నా వ్యాపారం. మొన్న శ్రావణ మాసం ముందు ఇద్దరు సిబ్బంది వచ్చి ట్రేడ్ లైసెన్స్ అడిగారు. టేపుతో గది కొలిచారు, వీధి వెడల్పు రాసుకున్నారు. రుసుము ఆ రెండింటిని బట్టే కదా. కత్తెరలు, ప్లక్కర్లు ఉన్న ట్రే వాళ్ల మోచేతి పక్కనే ఉన్నా దానివైపు ఒక్కరూ చూడలేదు.

లైసెన్స్ వద్దని నేను అనడం లేదు. కానీ ఈ పనిలో ప్రమాదమంతా ఆ ట్రేలోనే ఉంది. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో కనీసం 7 రోజులు బతికి ఉండగలదు, అది కూడా కంటికి కనిపించనంత మరకలో. ఐబ్రోస్ చేసేటప్పుడు దారం కొసను పళ్ల మధ్య పట్టుకోవాలని నాకు మొదటి రోజే నేర్పారు. ఎంగిలితో తడిసిన ఆ దారమే కనుబొమ్మ మీద నడుస్తుంది, వెంట్రుక ఊడిన చోట ఒక్కోసారి సూదిమొనంత రక్తం పొడుస్తుంది. దారాన్ని మెడకు వేసుకుని కూడా ఈ పని చక్కగా చేయవచ్చు. చెయ్యి అలవాటు పడటానికి నాకు నెల పట్టింది, అంతకంటే ఖర్చేమీ కాలేదు. వ్యాక్సింగ్ సంగతీ అంతే. ఒంటికి వ్యాక్స్ రాసిన చాకునే మళ్లీ డబ్బాలో ముంచి, ఆ డబ్బానే రోజంతా అందరికీ వాడతాం. వేడికి క్రిములు చస్తాయని మాలో ఒక ధీమా ఉంది గానీ, చర్మం ఓర్చుకునే వేడిని క్రిములూ ఓర్చుకుంటాయి.

కాబట్టి నిబంధనలు వీటి గురించి రాయండి. ఒకరికి వాడిన బ్లేడు మరొకరికి తగలకూడదని, ప్లక్కర్లను సబ్బుతో కడిగి 20 నిమిషాలు మరిగించాలని, జుట్టుకు రంగు వేయడానికి 48 గంటల ముందు చెవి వెనుక రాసి అలర్జీ వస్తుందేమో చూడాలని తెలుగులో ఒక్క పేజీలో చెప్పండి. ముందుగా పరీక్షించుకోవాలన్న హెచ్చరిక రంగు పెట్టె మీద ఉంటుంది నిజమే, కానీ పార్లర్లో పెట్టె ఉండేది మా చేతిలో, రంగు పడేది కస్టమర్ తల మీద. ఇక ముఖం తెల్లబడుతుందంటూ స్టెరాయిడ్ ట్యూబులు కలిపి చేసే ‘ఫార్ములా క్రీము’కు నిషేధం తప్ప మరో మాట అక్కర్లేదు.

రిజిస్ట్రేషన్ విషయానికొస్తే, ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముకునేవారికి 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు ఏడాదికి 100 రూపాయల రుసుముతో ఒక దారి చూపాయి. మాకూ అలాంటిదే కావాలి. అయితే అది గది పేరున కాకుండా మనిషి పేరున ఉండాలి. బ్యాగు భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగే బ్యూటీషియన్లు, యాప్‌ల ద్వారా పని చేసే అమ్మాయిలు ఎంతోమంది ఉన్నారు; కొలవడానికి వాళ్లకు గదే లేదు. శుభ్రతపై రెండు రోజుల శిక్షణ ఇచ్చి, చేసి చూపించిన వారికి ఫొటోతో కార్డు ఇస్తే, కస్టమర్ కూడా అడిగి చూసుకోగలుగుతుంది.

తనిఖీ గురించి ఒక మాట. మా పార్లర్ వెనుక గదిలో మా అత్తగారు పడుకుని ఉంటారు, ముందుగదిలో ఆడవాళ్లు వ్యాక్సింగ్ చేయించుకుంటూ ఉంటారు. చెప్పాపెట్టకుండా మగ సిబ్బంది లోపలికి రావడం ఎవరికీ మర్యాద కాదు. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా తరఫున మహిళా సంఘాలతో పనిచేసే రిసోర్స్ పర్సన్లకు (ఆర్పీలకు) శిక్షణ ఇచ్చి ఈ పని అప్పగిస్తే, వాళ్లు మా గల్లీల్లో తెలిసినవారే కాబట్టి తలుపు తీయడానికి ఎవరూ జంకరు. తెలిసినవారైతే చూసీచూడనట్టు వదిలేస్తారని మీ అధికారులు అనవచ్చు. అందుకు ఒక వార్డు ఆర్పీని మరో వార్డుకు పంపితే సరిపోతుంది.

ముసాయిదా తయారైతే దాన్ని తెలుగులో వార్డు కార్యాలయాల్లో అంటించి, అభ్యంతరాలు చెప్పడానికి మాకు నెల రోజుల గడువు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. పెళ్లిళ్ల సీజన్ కాని నెలైతే మరీ మంచిది.

ఇట్లు,
ఒక గృహ బ్యూటీషియన్