తూకానికి పోతున్న కళ్లేలు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన నెల వరంగల్‌లోని ఒక పాత ఇనుప సామాన్ల దుకాణంలో, తుప్పు పట్టిన సైకిల్ చెయిన్ల కింద నాకొక గుర్రపు కళ్లెం దొరికింది. కిలోల లెక్కన తూచి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి నూనె గుడ్డతో ఓపిగ్గా తుడిస్తే పక్క కమ్మీ మీద బాణం గుర్తు, దాని కింద ఇంగ్లీషు 'ఐ' అక్షరం బయటపడ్డాయి. బ్రిటిష్ కాలంలో భారత ప్రభుత్వ సైనిక సామగ్రి మీద వేసిన ముద్ర అది. గుర్రం నోట్లో ఉండే కడ్డీ ఒకవైపు నున్నగా, రెండోవైపు గరుకు గాట్లతో ఉంది. మాట వినే గుర్రానికి నున్నటి వైపు పెట్టేవారు, మొండికేసేదానికి తిప్పి పెట్టేవారు. దీనికి నున్నటి వైపే అరిగింది. ఆ గుర్రం మంచిదే అయ్యుంటుందని చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను.

ఇరవై ఏళ్లుగా ఇలాంటివి పోగేస్తున్నాను. నా చేతికి వచ్చిన ఒక్కోదానికి ఎన్ని కొలిమిలో కరిగిపోయి ఉంటాయో! ఇత్తడి బిళ్లలనైతే మెరుపు కోసం రుద్ది రుద్ది ముద్రలే చెరిపేస్తున్నారు. తోలు పట్టీలు రెండు వానాకాలాలు అటక మీద ఉంటే చాలు, బూజు పట్టి చేతిలో పొడైపోతాయి.

గుర్రంతో మనకు సంబంధం లేదా? కాకతీయ గణపతిదేవుని కొలువులో గంగయ సాహిణి ఉన్నాడు. సాహిణి అంటే అశ్వదళ అధికారి. హనుమకొండలో లష్కర్ బజార్ అని రోజూ అంటాం, లష్కర్ అంటే దండు. మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనా దాకా వెళ్లిన హైదరాబాద్ లాన్సర్లకు, అంటే బల్లేలు పట్టిన గుర్రపు దళానికి, గుర్తుగా ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గరి మూడు విగ్రహాల్లో ఒకటి నిలబడి ఉంది. వాళ్ల గుర్రాల సామాను మాత్రం మనకు తుక్కు.

ఒకసారి ఫొటోలు పట్టుకుని ఒక కార్యాలయానికి వెళ్లాను. "విగ్రహమా, నాణెమా?" అని అడిగారు. రెండూ కాదంటే కాగితాలు తిరిగి చేతిలో పెట్టారు. మరోవైపు ఇళ్లలో ఉన్నవాళ్లకు పోలీసు కేసవుతుందేమోనని టెన్షన్, అందుకే గుట్టుగా అమ్మేస్తున్నారు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువును ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. విదేశాలకు తరలించడం, లైసెన్సు లేకుండా వ్యాపారం చేయడం నేరం. ఈ మాట ఎవరైనా ఊళ్లలోకి వచ్చి చెప్పాలి కదా.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. వరంగల్ మ్యూజియంలో ఒక అద్దాల బీరువా, ఏడాదికోసారి జనం తమ పాత సామాను తెచ్చి చూపించుకునే శిబిరం. ఇంకొకటి, బరాత్‌లకు గుర్రాలు తెచ్చే పెద్దవాళ్లను కూర్చోబెట్టి వాళ్ల మాటలు రికార్డు చేయాలి. పొట్ట కింద బిగించే పట్టీ తంగు, తోక కిందుగా పోయేది దుమ్చీ అని నాకు చెప్పింది వాళ్లే. వాళ్ల పిల్లలకు ఆ పేర్లు రావు.

ఆ బీరువా పెడితే నా దగ్గరున్న కళ్లేలు, రౌతు కాళ్లు పెట్టే రికాబులు, ఒక జీను ఉచితంగా ఇచ్చేస్తాను. రసీదు ఇచ్చి, ఒక్కోదాని పక్కన దాని పేరు తెలుగులో రాస్తే చాలు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ