దిబ్బ ఉండేదని ఆధారమేదీ?

సంపాదకులకు నమస్కారం.

ఇసకపల్లి వైపు మా సరుగుడు తోట వెనక రెండు నిలువుల ఎత్తు ఇసుక దిబ్బ ఉండేది. మొన్న సంక్రాంతికి వెళ్తే ట్రాక్టర్ చక్రాల జాడలున్నాయి, దిబ్బ లేదు. నాలుగు సరుగుడు చెట్లకు వేళ్లు బయటపడ్డాయి. ఫిర్యాదు రాసిస్తే, కాగితం తీసుకున్నాయన అడిగింది ఒకటే: "అక్కడ దిబ్బ ఉండేదని ఆధారమేముంది మాస్టారూ?" మనవళ్లు దాని మీంచి జారుతున్న ఫొటో ఒకటుంది గానీ, అందులో దిబ్బ కన్నా మనవళ్లే ఎక్కువ.

అదే అంగారకుడి మీది దిబ్బయితే ఆధారం దొరికేది. 2006 నుంచి ఆ గ్రహం చుట్టూ తిరుగుతున్న నాసా నౌక 'మార్స్ రికనైసెన్స్ ఆర్బిటర్' తీసే ఫొటోల్లో భోజనాల బల్లంత వస్తువు కూడా ఆనుతుంది. అక్కడి గాలి ఒత్తిడి మన దాంట్లో నూరో వంతు కూడా ఉండదు. ఆ గాలికి దిబ్బలేం కదులుతాయిలే అనుకున్నవాళ్లు చాలామంది. తీసిన చోటే మళ్లీ మళ్లీ తీస్తే తెలిసింది, అవీ నడుస్తున్నాయని. సగటున మన ఏడాదికి అర మీటరు.

అక్కడి వాలుల్లో పడే గండ్ల కథ ఇంకా బాగుంటుంది. 2000లో వాటి సంగతి బయటికొచ్చినప్పుడు నీళ్లు పారిన జాడలేమో అన్నారు. తీరా చూస్తే మార్పులు ఎక్కువగా చలికాలంలో, వసంతం మొదట్లో వస్తున్నాయి. అంటే కార్బన్ డయాక్సైడ్ మంచు పేరుకుని, కరగకుండానే ఆవిరయ్యే రోజులు. పెళ్లి స్టేజీ మీద పొగకు వాడతారే, ఆ డ్రై ఐసే. కొన్ని దిబ్బల మీద గీసినట్టుండే కాలువలు డ్రై ఐస్ దిమ్మెలు జారి పడ్డవేనని శాస్త్రజ్ఞులు అంటున్నారు. దిమ్మె అడుగు ఆవిరవుతుంటే, ఆ ఆవిరి మీదే తేలుతూ ఇసుకను చెరోపక్కకీ నెట్టుకుంటూ దిగుతుందట. అమెరికాలో ఇసుక దిబ్బల మీద నిజంగానే దిమ్మెలు జార్చి చూశారు. (ఆ ఉద్యోగం ఉందంటే మా మనవళ్లు ఇప్పుడే బయల్దేరతారు.)

ఇందులో కెమెరా గొప్పతనం ఎంతో, ఓపికా అంతే. అక్కడి ఏడాది 687 రోజులు. అన్నాళ్లూ ఆగి, ఎండ మళ్లీ అదే వాటంగా పడేటప్పటి ఫొటోతో పోల్చి చూస్తారు. లేకుంటే నీడ మారినా దిబ్బే మారిందనిపిస్తుంది.

మన తీరప్రాంత నియంత్రణ నిబంధనలు, 2011వీ 2019వీ కూడా, ఇసుక దిబ్బల్ని గట్టి రక్షణ ఉన్న వర్గంలోనే చేర్చాయి. చట్టం ఉంది, ఫొటో లేదు. కొత్తపట్నం నుంచి మైపాడు దాకా తీరపు పంచాయతీల్లో మిగిలిన ఒక్కో దిబ్బకు ఎదురుగా ఓ రాయి పాతించి, అక్కడే నిలబడి ఏటా దసరాకోసారి, వానలు వెళ్లాక సంక్రాంతికోసారి, ఒకే వేళకు ఫొటో తీయించి రికార్డులో పెట్టించమని ప్రకాశం, నెల్లూరు కలెక్టర్లకు మీ పత్రిక ద్వారా మనవి. సచివాలయం ఉద్యోగి సెల్‌ఫోను చాలు. ఎత్తు తెలియడానికి పక్కన కొలకర్ర పెట్టండి, మనవళ్లను మాత్రం నిలబెట్టకండి.

– ఓ రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కావలి