ఢిల్లీ వెళ్లే ముందు అమ్ములుకు

చి. అమ్ములుకు ఆశీస్సులు.

ఫిబ్రవరిలో మీ అత్తగారినీ మామగారినీ ఢిల్లీ తీసుకెళ్తున్నారని అల్లుడుగారు ఫోనులో చెప్పారు. చాలా సంతోషం. “రైలు టికెట్లు దొరికితే చాలు, మిగతావి అక్కడికి వెళ్లి చూసుకోవచ్చు” అన్నారు చూడు, అక్కడే నాకు గుబులు పుట్టింది. ఆయనకు చెప్పలేక నీకు రాస్తున్నాను.

ఇండియా గేటుకు అలా వెళ్లవచ్చు, తప్పులేదు. కానీ మీ మామగారు ముచ్చటపడుతున్నది రాష్ట్రపతి భవన్ లోపలికి వెళ్లాలని. దానికి ఆన్‌లైన్‌లో ముందే రోజూ వేళా ఎంచుకుని, అందరి పేర్లూ గుర్తింపు కార్డుల వివరాలూ ఇవ్వాలి. రైలు టికెట్లు చేతికి రాగానే ఆ సైటు చూడడం మొదలుపెట్టు. అది ఖాయమయ్యాకే మిగతా రోజులు పంచుకో. ఢిల్లీలో దొరకడం కష్టమైనదాన్ని ముందు పట్టుకోవాలి, సులువైనవి ఎటూ పోవు.

లోపలికి వెళ్లినప్పుడు అశోక మండపంలో తల పైకెత్తి చూడమను. పర్షియా రాజు ఫతే అలీ షా వేటాడుతున్న బొమ్మ పైకప్పు మధ్యలో ఉంటుంది. 2024 జూలై దాకా దాన్ని అశోకా హాల్ అనేవారు. సంజీవరెడ్డి గారు ఉన్న ఇల్లని మామగారు పిల్లలకు ఎలాగూ చెబుతారు, ఆయనకు కాస్త సమయం ఇవ్వండి.

మీరు వెళ్లేది పూల కాలం కాబట్టి రాష్ట్రపతి భవన్ తోట అమృత్ ఉద్యాన్ కూడా చూడవచ్చు. ప్రవేశం ఉచితమే, అయినా స్లాటు ముందే తీసుకోండి. శని, ఆదివారాల్లో జనం విరగబడతారు. మామూలు రోజు ఉదయం అయితే అత్తగారి మోకాళ్లకు మంచిది.

ఇక సోమవారం సంగతి. ఎర్రకోట, నేషనల్ మ్యూజియం, అక్షరధామ్, లోటస్ టెంపుల్, అమృత్ ఉద్యాన్ అన్నిటికీ ఆ రోజే సెలవు. కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి తెరిచే ఉంటాయి కనుక సోమవారం అటు వెళ్లండి. ఆ టికెట్లు ఆన్‌లైన్‌లో తీసుకుంటే కౌంటరు దగ్గర వరుసలో నిలబడే పని తప్పుతుంది. 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్టే అక్కర్లేదు, కాకపోతే వయసు రుజువు చూపే కాగితం దగ్గర ఉంచుకో.

తాజ్‌మహల్‌కు శుక్రవారం సెలవు. ఢిల్లీలోని హజ్రత్ నిజాముద్దీన్ స్టేషన్ నుంచి ఆగ్రా వెళ్లే గతిమాన్ ఎక్స్‌ప్రెస్ కూడా ఆ రోజు నడవదు. వేరే రోజు వెళ్లండి. లోపల సమాధి దగ్గరికి వెళ్లాలంటే మామూలు టికెట్టు మీద మరో 200 రూపాయలు కట్టాలి. అంత దూరం వెళ్లి బయటినుంచి చూసి రావడం నాకైతే నచ్చదు, కట్టేయండి.

అక్షరధామ్‌లోకి ఫోన్లూ కెమెరాలూ బ్యాగులూ రానివ్వరు. మీ ఆయన ఫోను వదిలి ఉండగలరో లేదో మీరిద్దరూ ముందే తేల్చుకోండి!

మూడు పూటలా రొట్టెలంటే అత్తగారు నోరు విప్పి చెప్పరు గానీ నలిగిపోతారు. ఒక మధ్యాహ్నం అశోకా రోడ్డులో ఆంధ్రప్రదేశ్ భవన్ క్యాంటీన్‌కు తీసుకెళ్లు. పప్పూ కూరా సాంబారూ పెరుగుతో మన భోజనం దొరుకుతుంది. ఆకలి మీద ఉన్న ఢిల్లీ జనమంతా అక్కడికే వస్తారు, పన్నెండున్నరకల్లా చేరండి.

రోజుకు రెండు చోట్లకు మించి పెట్టుకోకు. మూడోది పెట్టావంటే భద్రతా తనిఖీల దగ్గరే పొద్దు గడిచిపోతుంది.

రైలుకు 60 రోజుల ముందు నుంచే రిజర్వేషన్ ఇస్తున్నారు, 120 కాదు. 2024 నవంబరు నుంచి మారింది. ఆ ఉదయం అల్లుడుగారిని త్వరగా లేపు. మామగారి పేరు ఆధార్‌లో ఇంటిపేరుతో సహా ఎలా ఉందో చూసి అదే అక్షరాలతో నమోదు చెయ్యి. ఆధార్ కార్డులు అసలువే పట్టుకెళ్లండి.

మీ అమ్మ