బ్యాటరీ మార్చే ముందు స్లీప్ సంగతి చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

కాలేజీలు తెరిచే రోజుల్లో, పండక్కి పిల్లలు ఇళ్లకొచ్చే రోజుల్లో మన గోదావరి జిల్లాల్లోని ల్యాప్‌టాప్ రిపేరు షాపులకు ఒక ఫిర్యాదు తరచుగా వస్తుంది. రాత్రి ఫుల్ ఛార్జింగ్ పెట్టి మూత వేశాం, పొద్దున్న తీస్తే బ్యాగులో కాలిపోతోంది, ఛార్జింగ్ సున్నా అని. చాలాచోట్ల దీనికి దొరికే జవాబు ‘బ్యాటరీ పోయింది, కొత్తది వెయ్యాలి’. వేలు పోసి కొత్తది వేయించాక వారం తిరక్కుండా మళ్లీ అదే గొడవ. మూత వేసినా మెషీన్ నిద్రపోవడం లేదని ఎవరూ చూడకపోవడమే దీనికి కారణం.

పాత ల్యాప్‌టాప్‌లలో స్లీప్ అంటే ఎస్3. తెరిచి ఉన్న పనులను తాత్కాలికంగా దాచుకునే మెమరీ ర్యామ్‌కి మాత్రం కాస్త కరెంటు అందేది, ప్రాసెసర్, ఫ్యాను ఆగిపోయేవి. 2012లో విండోస్ 8తో ఫోన్ తరహా స్లీప్ వచ్చింది. విండోస్ 10 నుంచి దాన్నే మోడర్న్ స్టాండ్‌బై అంటున్నారు. ఇందులో తెర ఆరిపోతుంది గానీ మెషీన్ పూర్తిగా ఆగదు. మధ్యమధ్యలో లేచి మెయిల్ చూసుకుంటుంది, అప్‌డేట్ల పని చూసుకుంటుంది. ఆ పని వెంటనే ముగిస్తే ఇబ్బంది లేదు. ఏ డ్రైవరో (వైఫై లాంటి భాగాలను నడిపించే ప్రోగ్రామ్), యాంటీవైరసో మెషీన్‌ని పడుకోనివ్వకపోతేనే చిక్కు. 50 వాట్-అవర్ల బ్యాటరీ ఉన్న మెషీన్ నిద్రలో అర వాటు తింటే పది గంటలకు 10 శాతం పోతుంది. 5 వాట్లు తింటే అదే పది గంటల్లో మొత్తం ఖాళీ. సాయంత్రం నరసాపురంలో రైలెక్కినవాళ్లు హైదరాబాద్‌లో దిగి చూసుకునేది ఇదే. బ్యాగులో గాలి ఆడదు కాబట్టి ఆ వేడంతా లోపలే ఉండిపోతుంది.

మీది ఏ రకమో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి, కమాండ్ ప్రాంప్ట్ మీద రైట్ క్లిక్ చేసి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ నొక్కండి. ఇంగ్లిషు అక్షరాల్లో పవర్ అని రాసి, ఖాళీ వదలకుండా సి, ఎఫ్, జి చేర్చి, ఒక స్పేస్ ఇచ్చి, స్లాష్, ఎ కొట్టి ఎంటర్ నొక్కండి. అందుబాటులో ఉన్నవాటి జాబితాలో ‘ఎస్0 లో పవర్ ఐడిల్’ (S0 Low Power Idle) కనబడితే మీది మోడర్న్ స్టాండ్‌బై. అప్పుడు స్లాష్ తర్వాత ‘ఎ’ బదులు ‘స్లీప్‌స్టడీ’ అని కలిపి కొట్టండి. గత మూడు రోజుల రిపోర్టు ఒక ఫైలుగా తయారై, అది ఎక్కడుందో తెర మీదే చూపిస్తుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరిస్తే ఏ రాత్రి ఎంత ఛార్జింగ్ పోయిందో, ‘టాప్ అఫెండర్స్’ కింద ఎవరు తిన్నారో పేరుతో సహా ఉంటుంది. అక్కడ వైఫై పేరుంటే ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి ఆ డ్రైవర్, బయోస్ (మెషీన్‌ని మొదట లేపే లోపలి ప్రోగ్రామ్) కొత్తవి వేయండి. ఏదైనా ప్రోగ్రామ్ పేరుంటే దాన్ని తీసేయండి. ఎస్3 మెషీన్ అయితే స్లాష్ తర్వాత ‘లాస్ట్‌వేక్’ అని కలిపి కొడితే చివరిసారి లేపిందెవరో చెబుతుంది. వైర్‌లెస్ మౌస్ ఆఫ్ చేయకుండా, రిసీవర్ పీకకుండా బ్యాగులో పడేస్తే బస్సు కుదుపులకే మెషీన్ లేస్తుంది.

నా ఉద్దేశంలో బ్యాగులో పెట్టుకుని తిరిగే మెషీన్‌కి స్లీప్ వద్దే వద్దు, హైబర్నేట్ పెట్టుకోండి. ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కులో రాసి మెషీన్ పూర్తిగా ఆరిపోతుంది, వేడెక్కే ప్రశ్నే లేదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో ‘చూజ్ వాట్ క్లోజింగ్ ద లిడ్ డజ్’ తెరిచి బ్యాటరీ, ఛార్జర్ రెండు గడుల్లోనూ హైబర్నేట్ ఎంచుకోండి. జాబితాలో ఆ మాటే లేకపోతే ఇందాకటి కమాండ్‌లో స్లాష్ తర్వాత ‘హైబర్నేట్ ఆన్’ అని కొట్టండి. దీనికి సి డ్రైవ్‌లో మామూలుగా ర్యామ్‌లో 40 శాతం చోటు కావాలి. అంటే 16 జీబీ ర్యామ్‌కి దాదాపు 6.4 జీబీ. తెరుచుకోవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే. రిజిస్ట్రీ (విండోస్ లోపలి సెట్టింగుల పట్టిక) మార్చి బలవంతంగా ఎస్3 తెప్పించే చిట్కాలు తిరుగుతున్నాయి. మెషీన్‌లో ఆ సదుపాయమే లేకపోతే నిద్ర నుంచి లేవకుండా మొండికేస్తుంది, వాటి జోలికి పోవద్దు.

వాడుతుండగా కూడా వేడెక్కుతుంటే అది వేరే సంగతి. రైస్ మిల్లుల చుట్టుపక్కల ఊళ్లలో ఊక ధూళి, దానికి మన ఉక్కపోత తేమ తోడై, ఫ్యానుకీ, వేడిని బయటికి లాగే రాగి హీట్‌సింక్ రేకులకీ మధ్య చాపముక్కలా అట్టకడుతుంది. ఫ్యాను గిర్రున తిరిగినా గాలి బయటికి రాదు. అడుగు మూత విప్పి, ముందు బ్యాటరీ కనెక్టర్ తీసి, ఫ్యాను రెక్కలను వేలితో కదలకుండా పట్టుకుని, ఆ అట్టను బ్రష్‌తో తీయాలి. బ్లోయర్ గాలికి ఫ్యానును తిరగనిస్తే బేరింగు పాడవుతుంది. ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కి చేర్చే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటే అది కూడా అప్పుడే మార్పించుకోండి.

నిజంగా బ్యాటరీయే పోయిందా అన్నదానికీ సాక్ష్యం ఉంది. పైన చెప్పిన కమాండ్‌లోనే స్లాష్ తర్వాత ‘బ్యాటరీరిపోర్ట్’ అని కలిపి కొట్టి, వచ్చిన రిపోర్టులో, డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అంకెలు పోల్చండి. 50,000కి 40,000 ఉంటే 80 శాతం మిగిలినట్టే, ఆ బ్యాటరీ మార్చక్కర్లేదు. సగానికి వచ్చేస్తే మార్చండి. అంకెలతో పనిలేకుండా వెంటనే మార్చాల్సింది ఉబ్బిన బ్యాటరీ ఒక్కటే. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, బల్ల మీద పెడితే మెషీన్ ఊగుతున్నా ఛార్జింగ్ ఆపేసి, గుచ్చకుండా, నొక్కకుండా షాపుకి తీసుకెళ్లండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీల బాధ్యత తయారీదారులదే. వాటిని చెత్తకుప్పల్లో, కాలవల్లో పడేయొద్దు.

షాపుల వారికి నా మనవి ఒక్కటే. కొత్త బ్యాటరీ ధర చెప్పే ముందు ఈ రెండు రిపోర్టులూ తీసి, వచ్చినవాళ్ల కళ్లెదుటే చూపించండి. అయిదు నిమిషాల పని.

ఇట్లు,
కంప్యూటర్ మరమ్మతుల పనిలో ఉన్న ఒక పాఠకుడు,
అమలాపురం