థెరపిస్టుల జాబితా వార్డులవారీగా పెట్టాలి

చెన్నైలో పిల్లలకు దగ్గర్లో అర్హత ఉన్న ఆక్యుపేషనల్ థెరపిస్టు ఎవరో తెలుసుకోవడం తల్లిదండ్రులకు పెద్ద టెన్షన్‌గా మారింది. బొత్తాలు పెట్టుకోవడం, పెన్సిల్ పట్టుకోవడం, తన చేత్తో తాను తినడం నేర్పే ఈ థెరపీ వారం వారం తప్పకుండా సాగాలి. ముట్టుకాడులో బహుళ వైకల్యాల వారి కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, కాదనను. కానీ అది ఊరి దక్షిణపు చివర. హారన్ మోతకే హడలిపోయే బిడ్డను పెరంబూరు నుంచి బస్సులు మార్చి తీసుకెళ్తే, చేరేసరికే వాడు ఏడ్చి ఏడ్చి అలసిపోతాడు, ఇక థెరపీకి ఓపిక ఎక్కడిది? మా చుట్టుపక్కల నేను చూసిన థెరపీ సెంటర్ల బోర్డుల్లో చాలావాటి మీద చికిత్స చేసేవారి పేరు గానీ డిగ్రీ గానీ లేవు. అడిగితే చిరాకుపడతారు. ఆక్యుపేషనల్ థెరపిస్టులకూ రిజిస్టర్ ఉండాలని 2021లో పార్లమెంటు చట్టమే చేసింది. దాని ఆధారంగా పేరు, అర్హత, ఫీజు, మాట్లాడే భాషలతో వార్డులవారీ జాబితాను కార్పొరేషన్ ప్రతి ఆరోగ్య కేంద్రంలో, అంగన్‌వాడీలో అంటించాలి. ఇంట్లో తెలుగు మాత్రమే వినే పిల్లలు ఇక్కడ ఎందరో ఉన్నారు కాబట్టి భాష వివరం తప్పనిసరి. ఉత్తర చెన్నై ప్రభుత్వ ఆసుపత్రుల్లో వారానికి రెండు రోజులైనా పిల్లల ఆక్యుపేషనల్ థెరపిస్టు అందుబాటులో ఉండేలా ఆరోగ్య శాఖ వెంటనే ఏర్పాటు చేయాలి.

– ఒక తల్లి, పెరంబూరు, చెన్నై