రోబో సరే, ఫిజియోథెరపిస్టు ఏరీ?

సంపాదకులకు,

పక్షవాతం వచ్చినవారి చేతికి రోబోతో వ్యాయామం చేయించడం గురించి గతవారం మీరు వేసిన వార్త చూసిన దగ్గర్నుంచి మా బంధువులంతా ఫోన్లే ఫోన్లు. "బావగారిని తీసుకెళ్లు, చెయ్యి వచ్చేస్తుందట" అని. మావారికి కుడిచెయ్యి పడిపోయిందని తెలిసి ఆశతో చెబుతున్నారు, వాళ్లనేం అనను. ఇంత ఆశ పెట్టేముందు మీ విలేకరి ఒక్క ప్రశ్నయినా అడగాల్సింది.

బ్రిటన్‌లో 770 మందితో దీన్ని పరీక్షించి, 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితాలు వేశారు. బల్ల ముందు కూర్చోబెట్టి, చేతిని యంత్రానికి తగిలించి, తెర మీద ఆటలాడిస్తారు. రోగి కదపలేకపోతే యంత్రమే కదుపుతుంది. వారానికి మూడుసార్లు, ముప్పావుగంట చొప్పున 12 వారాలు చేయించారు. కదలిక కాస్త మెరుగుపడింది గానీ, ఆ చేత్తో పనులు చేసుకోవడంలో మామూలు వైద్యం అందినవాళ్లకన్నా ఎక్కువ ఫలితం రాలేదు. యంత్రం లేకుండా, మనిషే దగ్గరుండి రోజువారీ పనులు పదేపదే చేయించిన రోగులు మాత్రం తమ పనులు చేసుకోవడంలో కొంత నయం. మీ వార్తలో ఇదెక్కడా లేదు.

మాకు కొన్నాళ్లు ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఇంటికొచ్చేది. మడతపెట్టిన తువ్వాలు మీద మావారి చెయ్యి పెట్టించి బల్లంతా తుడిపించేది. బిగుసుకుపోయిన వేళ్లను బొటనవేలి దగ్గర్నుంచి నెమ్మదిగా విప్పి, స్టీలు గ్లాసు పట్టించేది. గ్లాసు జారిపోతే మళ్లీ. ఆ ఫీజు కట్టలేక మానిపించాం. పోనీ ఆసుపత్రికే వెళ్దామంటే ర్యాంపు నిండా బైకులు, లిఫ్టు పనిచేయదు, ఫిజియోథెరపీ గది పై అంతస్తులో! ఒక కాలు ఈడ్చుకుంటూ వచ్చేవాళ్లు మెట్లెక్కాలా? అడిగితే సమాధానం చెప్పే దిక్కులేదు. గుంటూరులో వీధివీధికీ ఆసుపత్రి ఉంది, నడవడానికి ఫుట్‌పాత్ లేదు. రిబ్బన్ కత్తిరించడానికి వచ్చే నాయకులు, అధికారులు ఆ గది ఎలా ఉందో ఒక్కసారి చూసి వెళ్లకూడదా?

డిశ్చార్జి చేసేటప్పుడు "వ్యాయామం మానొద్దు" అని కాగితం మీద రాసిస్తారు. ఎవరు చేయిస్తారో రాయరు. తొలి నెలలే చాలా ముఖ్యమని డాక్టర్లే చెబుతారు, ఆ నెలలే మాకు ఇలా పోయాయి.

బీపీకీ షుగరుకీ మందులిస్తూ ఊరూరా తిరిగే 104 వాహనంలో ఒక ఫిజియోథెరపిస్టును కూడా పంపండి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒకరిని నియమించండి. రోబో కొనే డబ్బుంటే ముందు ఆ జీతాలకు పెట్టమని మీ పత్రికే అడగాలి.

– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు